ఎలెన్ వెస్ట్: వైద్యులు ముందే ఆశ వదులుకున్న ఒక జీవితం

1921 మార్చి 24. స్విట్జర్లాండ్‌లో కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున ఉన్న క్రాయిట్స్‌లింగెన్ పట్టణం. అక్కడి బెల్‌వ్యూ మానసిక వైద్యశాలలో ముగ్గురు డాక్టర్లు ఒక రోగి గురించి తేల్చుకోవడానికి కూర్చున్నారు. ఒకరు ఆ ఆసుపత్రి డైరెక్టర్ లుడ్విగ్ బిన్స్‌వాంగర్. రెండో వ్యక్తి జ్యూరిక్ ప్రొఫెసర్ ఆయిగెన్ బ్లాయ్‌లర్. స్కిజోఫ్రీనియా అనే పదాన్ని వైద్యానికి ఇచ్చింది ఆయనే. మూడో డాక్టర్ పేరును బిన్స్‌వాంగర్ తన రచనలో బయటపెట్టలేదు. విదేశీ మానసిక వైద్యుడు అని మాత్రమే రాశారు. ఆయన జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ హోఖె అని తర్వాతి చరిత్రకారులు గుర్తించారు.

వాళ్ల ముందున్న సమస్య ఇది. రోగి తిండికి భయపడుతున్నారు, అదే సమయంలో తిండి తప్ప మరో ఆలోచన లేకుండా బతుకుతున్నారు. చనిపోవాలని ఉందని దాచకుండా చెబుతున్నారు. ఇంటికి పంపేయమని అడుగుతున్నారు. తాళం వేసిన వార్డులో ఉంచాలా, పంపేయాలా?

జబ్బు పేరు విషయంలో ముగ్గురికీ ఏకాభిప్రాయం కుదరలేదు. కానీ ఈమెకు నమ్మకంగా చేయగల వైద్యం ఏదీ లేదన్న మాట మీద మాత్రం ముగ్గురూ కలిశారు. మార్చి 30న ఆమెను ఇంటికి పంపారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆమె ఆత్మహత్య చేసుకున్నారు. బిన్స్‌వాంగర్ లెక్క ప్రకారం అప్పటికి ఆమె వయసు 33.

మానసిక వైద్యం చదివేవారికి ఎలెన్ వెస్ట్ పేరు పరిచయం అక్కర్లేదు. ఈటింగ్ డిజార్డర్ల చరిత్రలో ఇంతగా చర్చకు వచ్చిన జీవితాలు అరుదు. అయితే ఈ వందేళ్లలో ఆ చర్చ చాలాకాలం ఆమె మరణానికి అర్థం వెతకడంలోనే గడిచిపోయింది. ఆ మరణాన్ని ఆపగలిగేవారా అన్న ప్రశ్న ఆలస్యంగా వచ్చింది.

అసలు పేరు తెలియని అమ్మాయి

ఎలెన్ వెస్ట్ అనేది ఆమె సొంత పేరు కాదు. రోగి గుట్టు కాపాడటానికి బిన్స్‌వాంగర్ పెట్టిన పేరు. 1880ల చివర్లో సంపన్న యూదు కుటుంబంలో, ఐరోపా బయట ఆమె పుట్టారు. ఒక అన్న, ఒక తమ్ముడు. ఇంట్లో ఆమె ఒక్కతే ఆడపిల్ల. పదేళ్ల వయసులో కుటుంబం ఐరోపాకు వచ్చి స్థిరపడింది.

చిన్నప్పటి నుంచి పట్టుదల ఎక్కువ. మగపిల్లల ఆటలంటే ఇష్టం. బడిలో అన్నింట్లో ముందుండాలి, లేకపోతే కన్నీళ్లు. టీనేజ్‌లో కవితలు, డైరీలు రాయడం మొదలుపెట్టారు. వాటిలో పెద్ద కలలు కనిపిస్తాయి. పేదల పక్షాన నిలబడాలి, సమాజాన్ని మార్చాలి, పేరు మిగిలే పని ఏదైనా చేయాలి. ఆ కలల పక్కనే తరచూ దిగులు కూడా ఉండేది.

అవి ఐరోపాలో మధ్యతరగతి, పై తరగతి ఆడపిల్లలకు చదువు తలుపులు అప్పుడప్పుడే తెరుచుకుంటున్న రోజులు. చదువుకోవచ్చు. కానీ చదువుకుని ఏం కావాలో, ఎవరిని పెళ్లాడాలో ఇంటి పెద్దలే నిర్ణయించేవారు. ఇరవై ఏళ్ల వయసులో ఎలెన్‌కు ఒక విదేశీ యువకుడితో నిశ్చితార్థం జరిగింది. తండ్రి వద్దన్నారు. ఆమె దాన్ని రద్దు చేసుకున్నారు. ఎదురు చెప్పినట్టు ఎక్కడా కనిపించదు.

సిసిలీలో మొదలైన భయం

ఆ తర్వాత ఆమె ఇటలీలోని సిసిలీ ద్వీపానికి వెళ్లారు. అక్కడ బాగా తిన్నారు, స్త్రీ జీవిత లక్ష్యం ఏమిటనే అంశం మీద ఒక వ్యాసం కూడా రాసుకున్నారు. కొంచెం ఒళ్లు చేశారు. తోటి అమ్మాయిలు సరదాగా ఆటపట్టించారు. మన ఇళ్లలో, కాలేజీల్లో రోజూ వినిపించే మాటల్లాంటివే అవి.

ఆమెలో ఆ మాటలు దిగి ఉండిపోయాయి. తిండి తగ్గించారు. విపరీతంగా నడిచారు. స్నేహితురాళ్లు అందమైన చోట ఆగి చుట్టూ చూస్తుంటే, ఆమె ఆగలేక వాళ్ల చుట్టూ తిరుగుతూనే ఉండేవారు. లావైపోతానన్న భయం అప్పుడు పట్టుకుంది. పదమూడేళ్ల పాటు వదల్లేదు.

ఈ భయం సన్నగా కనిపించాలన్న కోరికతో సమానం కాదు. కోరిక తీరితే మనిషి కుదుటపడతాడు. ఎలెన్ ఎంత చిక్కిపోయినా భయం తగ్గలేదు, పైగా పెరిగింది. తిండిని అదుపులో పెట్టుకోవడం ఆమె చేతిలో ఉన్న పని అని మొదట్లో అనిపించి ఉండవచ్చు. కొన్నేళ్లకు ఆమే తిండి ఆలోచనల అదుపులోకి వెళ్లిపోయారు.

బయటికి మాత్రం ఆమె చురుకైన యువతి. గుర్రపు స్వారీ చేసేవారు. అమెరికాలో ఉన్న పద్ధతిలో పిల్లల కోసం చదువుల గదులు ఏర్పాటు చేయడంలో ఉత్సాహంగా పనిచేశారు. యూనివర్సిటీలో చేరడానికి కావాల్సిన పరీక్షకు సిద్ధమయ్యారు, మధ్యలో ఆపేశారు. టీచర్ పరీక్ష వైపు మళ్లారు. తర్వాత ఒక యూనివర్సిటీ పట్టణంలో పాఠాలకు హాజరయ్యారు. అక్కడే ఒక విద్యార్థిని ప్రేమించారు. ఆమె జీవితంలో సంతోషంగా గడిచిన కాలాల్లో అదొకటి.

ఈసారి కూడా తల్లిదండ్రులు అడ్డుపడ్డారు. కొంతకాలం దూరంగా ఉండమన్నారు. సముద్ర తీరంలోని ఒక ఊరికి వెళ్లిన ఎలెన్ అక్కడ మళ్లీ దిగులులో కూరుకుపోయారు. బరువు తగ్గడానికి థైరాయిడ్ మాత్రలు వాడారు. వణుకుతూ, గుర్తుపట్టలేనంత చిక్కిపోయి ఇంటికి వచ్చారు. డాక్టర్లు మంచం మీదే ఉంచి విశ్రాంతి ఇప్పించారు. బరువు పెరిగింది. ఆ పెరిగిన బరువే మళ్లీ ఆమెకు శత్రువైంది.

పెళ్లి, మూడేళ్ల రహస్యం

ఆ విద్యార్థికీ, తన బంధువైన మరో యువకుడికీ మధ్య రెండేళ్లు ఊగిసలాడి, చివరకు 28వ ఏట ఎలెన్ బంధువునే పెళ్లి చేసుకున్నారు. పెళ్లితో ఈ ఆలోచనలు పోతాయని ఆమె ఆశపడ్డారు. పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని మన పెద్దలు అనుకునే మాట లాంటిదే ఆ ఆశ. సర్దుకోలేదు.

బిడ్డ కావాలని ఉండేది. గర్భం నిలవలేదు. బిడ్డ కోసం బాగా తినాలన్న కోరిక ఒకవైపు, లావవుతానన్న భయం మరోవైపు. మళ్లీ గర్భం రావడానికి మంచి తిండి తప్పనిసరి కాదని ఒక డాక్టర్ చెప్పడంతో ఆమె తిరిగి తిండి మానేయడానికి, విరేచనాల మాత్రలకు దారి దొరికింది. డాక్టర్ ఉద్దేశం వేరై ఉండవచ్చు. జబ్బు మాత్రం తనకు పనికొచ్చే భాగాన్నే విన్నది.

ఈ కాలంలో ఆమె సాంఘిక సేవా కార్యక్రమాల్లో పనిచేశారు, నాటకాలకు వెళ్లారు, ఎన్నో పుస్తకాలు చదివారు. ఇంట్లో భర్తకు కూడా అసలు సంగతి తెలియదు. అందరితో కలిసి కూర్చుని, అందరిలాగే వడ్డించుకుని, తిన్నట్టు కనిపించే నేర్పు ఆమెకు అబ్బింది. మరో విచిత్రం ఏమిటంటే, తీరిక దొరికితే చాలు వంటకాల తయారీ విధానాలు రాసుకునేవారు. రకరకాల మిఠాయిల వివరాలు సేకరించేవారు. చుట్టూ ఉన్నవాళ్లు కడుపు నిండా తినాలని పట్టుబట్టేవారు. తను మాత్రం ముట్టుకునేవారు కాదు.

పెళ్లైన మూడేళ్లకు ఆమె భర్తకు నిజం చెప్పారు. ఇంతకాలం తన జీవితం మొత్తం ఈ భయం చుట్టూ తిరిగిందని ఒప్పుకున్నారు. ఆమె కథలో సాయానికి తలుపు తెరుచుకున్న సమయం అది. భర్త ఆమెను వదిలేయలేదు. చివరి వరకు పక్కనే ఉన్నారు. కానీ ఇంట్లో ఎవరికీ ఏం చేయాలో తెలియదు. డాక్టర్ల దగ్గరికి వెళ్లారు.

ఒక్కో డాక్టర్, ఒక్కో పేరు

1920 ఫిబ్రవరిలో ఒక యువ డాక్టర్ దగ్గర మనోవిశ్లేషణ మొదలైంది. ఆ ఏడాది అక్టోబరులో మరో డాక్టర్ దగ్గర రెండోసారి. ఫ్రాయిడ్ సిద్ధాంతాలు ఐరోపాను కదిలిస్తున్న కాలమది. ఎలెన్ భయానికి మూలం ఏమిటో, లావు అనేది ఆమె మనసులో దేనికి గుర్తో గంటల తరబడి తవ్వారు. రెండో డాక్టర్ భర్తను దూరంగా ఉండమన్నారు. ఆమెకు ఉన్న ఒకే ఒక తోడు కూడా ఆ సమయంలో దూరమైంది.

శరీరం మాత్రం ఆకలితో కృశిస్తూనే ఉంది. ఆ చలికాలం ముందు నెలల్లో ఆమె ఒకటి కంటే ఎక్కువసార్లు ఆత్మహత్యకు ప్రయత్నించారు.

అప్పట్లో మానసిక వైద్యంలో పెద్ద పేరైన మ్యూనిక్ ప్రొఫెసర్ ఎమిల్ క్రెపెలిన్ కూడా ఆమెను చూశారు. అది తీవ్రమైన దిగులు జబ్బు, అప్పటి భాషలో మెలాంకోలియా అన్నారు. మనోవిశ్లేషణ చేసిన డాక్టర్ అందుకు ఒప్పుకోలేదు. చివరకు ఒక సాధారణ వైద్యుడు విశ్లేషణ ఆపించి, బెల్‌వ్యూకు వెళ్లమని పంపించారు. 1921 జనవరి 14న భర్తతో కలిసి ఆమె అక్కడ చేరారు.

తిండి మానేసి కృశించిపోయే ఈ జబ్బు అప్పటికి వైద్యానికి కొత్త కాదు. ఎలెన్ పుట్టడానికి పదిహేనేళ్ల ముందే, 1873లో పారిస్ డాక్టర్ షార్ల్ లసేగ్, లండన్ డాక్టర్ విలియం గల్ విడివిడిగా దాన్ని వర్ణించారు. గల్ పెట్టిన అనొరెక్సియా నెర్వోసా అన్న పేరే ఇప్పటికీ వాడుకలో ఉంది. అయితే 1914లో జర్మన్ డాక్టర్ మోరిస్ సిమ్మాండ్స్ పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటే మనిషి చిక్కి శల్యమవుతాడని చూపించాక, చాలామంది వైద్యులు కృశించిపోవడాన్ని గ్రంథుల సమస్యగా చూడటం మొదలుపెట్టారు. మరోవైపు మానసిక వైద్యులు తిండి సమస్యను మరేదో పెద్ద జబ్బుకు పైపై లక్షణంగా భావించారు. ఈ రెండింటి మధ్య ఎలెన్ జబ్బు తన సొంత పేరుతో ఎవరి కంటా పడలేదు.

బెల్‌వ్యూలో రెండున్నర నెలలు

బెల్‌వ్యూ మామూలు పిచ్చాసుపత్రి కాదు. 1857లో బిన్స్‌వాంగర్ తాత స్థాపించిన ఈ ఆసుపత్రి ధనవంతులకు, కళాకారులకు పేరున్న చోటు. తోటలు, విడివిడి భవనాలు, మర్యాదగా చూసే సిబ్బంది ఉండేవారు. మనోవిశ్లేషణ చరిత్రలో అన్నా ఓ పేరుతో ప్రసిద్ధురాలైన బెర్తా పాపెన్‌హైమ్ 1882లో ఇక్కడ ఉన్నారు. బిన్స్‌వాంగర్ స్వయంగా ఫ్రాయిడ్‌కు స్నేహితుడు, బ్లాయ్‌లర్ దగ్గర శిక్షణ పొందినవారు, తత్వశాస్త్రం బాగా చదువుకున్నవారు.

ఎలెన్‌ను తాళాలు లేని వార్డులో ఉంచారు. భర్త తోడున్నారు. మొదట్లో నిద్ర, తిండి కొంత మెరుగయ్యాయి. మనసులోని యుద్ధం మాత్రం ఆగలేదు. ప్రతి భోజనం ఒక పరీక్ష. తిన్నాక అపరాధభావం, తినకపోతే ఆకలి. చనిపోవాలన్న కోరిక గురించి ఆమె మాట్లాడుతూనే ఉన్నారు.

మార్చిలో ప్రమాదం పెరిగిందని బిన్స్‌వాంగర్‌కు అర్థమైంది. తాళం వేసిన వార్డుకు మార్చడానికి ఒప్పుకుంటారా, లేక ఇంటికి తీసుకెళ్తారా అని భర్తను అడిగారు. నయమవుతుందని, కనీసం బాగా మెరుగవుతుందని డాక్టర్లు మాట ఇస్తేనే తాళం వార్డుకు ఒప్పుకుంటానన్నారు భర్త. ఆ మాట బిన్స్‌వాంగర్ ఇవ్వలేకపోయారు. అందుకే మార్చి 24 నాటి సమావేశం.

బ్లాయ్‌లర్ దృష్టిలో అది నిస్సందేహంగా స్కిజోఫ్రీనియా. హోఖె అందుకు ఒప్పుకోలేదు. పుట్టుకతో వచ్చిన మనస్తత్వ లోపం క్రమంగా ముదిరిందని ఆయన అభిప్రాయం. అంతకు ముందు ఏడాదే ఆయన న్యాయశాస్త్రవేత్త కార్ల్ బిండింగ్‌తో కలిసి, బతకడానికి అర్హత లేని జీవితాలను ముగించేందుకు చట్టం అనుమతించాలని వాదించే పుస్తకం ప్రచురించారు. నాజీలు తర్వాత మానసిక రోగులను చంపడానికి సిద్ధాంతంగా వాడుకున్న పుస్తకాల్లో అది ముఖ్యమైనది. వైద్యంలో ఆశ ఎంత తక్కువగా ఉన్న కాలమో చెప్పడానికి ఈ ఒక్క విషయం చాలు.

ఇంటికి వెళ్తే ఆమె చనిపోయే అవకాశం చాలా ఎక్కువని ఆ గదిలో ఉన్నవారికి తెలుసు. అయినా పంపారు.

ప్రశాంతతను చూసి మోసపోయినప్పుడు

ఇంటికి వచ్చిన మొదటి రెండు రోజులూ ఎలెన్ నీరసంగా, దిగులుగా ఉన్నారు. మూడో రోజు ఒక్కసారిగా మారిపోయారు. భయం లేకుండా తిన్నారు. భర్తతో నడకకు వెళ్లారు. కవిత్వం చదివారు. ఉత్తరాలు రాశారు. చూసేవారికి కోలుకున్నట్టే అనిపించింది. మర్నాటి ఉదయానికి ఆమె ప్రాణాలతో లేరు.

దశాబ్దాల తర్వాత బిన్స్‌వాంగర్ ఆ చివరి రోజును దాదాపు ఒక పండుగలా వర్ణించారు. ఆమె జీవితంలో నిజంగా స్వేచ్ఛగా ఉన్న రోజు అదేనన్న అర్థం వచ్చేలా రాశారు. ఎలెన్ కథకు ఆ తర్వాత పట్టిన నీడ ఇక్కడే మొదలైంది.

అలాంటి ప్రశాంతతను మానసిక వైద్యులు ఇప్పుడు వేరుగా చూస్తారు. తీవ్రమైన నిరాశలో ఉన్న మనిషి ఉన్నట్టుండి తేలికపడితే, దాన్ని కోలుకోవడంగా లెక్కవేయడానికి ముందు ప్రమాద సూచనేమో చూసుకోవాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన తొలి రోజులు, వారాలు ఆత్మహత్య ముప్పు ఎక్కువగా ఉండే సమయమని కూడా ఇప్పుడు తెలుసు. ఎలెన్ విషయంలో ఆ రెండూ ఒకేసారి వచ్చాయి.

మరణం తర్వాత పుట్టిన పేరు

ఎలెన్ మరణించిన 20 ఏళ్లు దాటాక, 1944–45లో బిన్స్‌వాంగర్ ఆమె డైరీలు, ఉత్తరాలు, ఆసుపత్రి నోట్సు ఆధారంగా ఒక సుదీర్ఘ అధ్యయనం ప్రచురించారు. హైడెగర్ తత్వం ప్రభావంతో ఆయన తయారుచేసిన అస్తిత్వ విశ్లేషణ అనే పద్ధతికి అది మచ్చుతునక అయింది. 1958లో రోలో మే తదితరులు సంకలనం చేసిన పుస్తకంలో ఇంగ్లీషులోకి వచ్చింది. ఎలెన్ వెస్ట్ ప్రపంచానికి తెలిసింది అప్పుడే.

ఆ అధ్యయనంలో లోతు ఉంది. ఒక రోగి లోపలి ప్రపంచాన్ని అంత శ్రద్ధగా చూసిన వైద్యులు తక్కువ. కానీ ఆయన తేల్చింది మాత్రం ఈ మరణం తప్పనిసరి అని. ఆమె అస్తిత్వం మరణానికి పండిపోయిందన్న ధోరణిలో ఆయన వాదన సాగింది. జబ్బు పేరు స్కిజోఫ్రీనియా అనే ఆయన కూడా నిర్ణయించారు.

దీన్ని గట్టిగా ప్రశ్నించినవారిలో అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ ఒకరు. ఆయన కోపం తాత్విక విషయం మీద కాదు. చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరూ ఆమెను ఒక వ్యక్తిగా కాక ఒక వస్తువులా చూశారన్నది ఆయన అభియోగం. తండ్రి వద్దన్నప్పుడల్లా తన మనసు చెప్పేదాన్ని నమ్మకూడదని ఆమె నేర్చుకున్నారు. తర్వాత డాక్టర్లు కూడా ఆమె మాట వినడం కంటే పేరు పెట్టడం మీదే దృష్టి పెట్టారు. తమ పద్ధతిలో చికిత్స అంది ఉంటే ఆమె బతికే అవకాశం ఉండేదని రోజర్స్ భావించారు. తర్వాతి కాలపు వైద్యుల్లో చాలామంది ఆమె జబ్బును అనొరెక్సియాగానే గుర్తించారు.

బెల్‌వ్యూ డాక్టర్ల నిరాశ ఎంత తొందరపాటో తెలియడానికి అదే ఆసుపత్రిలో ఇంకో ఉదాహరణ ఉంది. ఎలెన్ మరణించిన కొద్ది రోజులకే, 1921 ఏప్రిల్‌లో, జర్మన్ కళా చరిత్రకారుడు ఆబీ వార్‌బర్గ్ అక్కడ చేరారు. ఆయనకు కూడా స్కిజోఫ్రీనియా అన్నారు. మళ్లీ పని చేసుకోగలరన్న ఆశ లేదనుకున్నారు. 1923లో క్రెపెలిన్ వచ్చి పరీక్షించి, ఇది వేరే జబ్బు, తగ్గే అవకాశం ఉందన్నారు. 1924లో వార్‌బర్గ్ ఇంటికి వెళ్లారు. 1929లో చనిపోయే వరకు హాంబుర్గ్‌లో తన పరిశోధన కొనసాగించారు. ఆయన జబ్బు, ఎలెన్ జబ్బు ఒకటి కాదు. కానీ పెట్టిన పేరు ఒకటే, వదులుకున్న ఆశ ఒకటే. ఒకరికి కాలం దొరికింది, ఇంకొకరికి దొరకలేదు.

ఆకలి మనసును ఏం చేస్తుంది

బిన్స్‌వాంగర్ వ్యాసం అచ్చవుతున్న కాలంలోనే, 1944 నవంబరులో, అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టారు. యుద్ధంలో ఆకలికి గురైనవారికి తిరిగి తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు స్వచ్ఛందంగా వచ్చారు. 24 వారాల పాటు వాళ్లకు సగం కడుపు తిండే పెట్టారు.

వాళ్లకు లావవుతామన్న భయం లేదు, కుటుంబ సమస్యలు లేవు. అయినా వారాలు గడిచేకొద్దీ తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు సేకరించారు. భోజనాన్ని గంటల తరబడి సాగదీశారు. స్నేహాలు తగ్గాయి. చిరాకు, దిగులు పెరిగాయి. కొందరి మానసిక స్థితి బాగా దెబ్బతింది. ఎలెన్ రాసుకున్న మిఠాయిల జాబితాలు గుర్తుకొస్తాయి. తత్వవేత్తలు ఆమె ఆత్మలో వెతికిన లక్షణాల్లో కొన్ని, ఆకలి ఎవరిలోనైనా పుట్టించగలిగినవే.

ఆమె జబ్బంతా ఆకలి వల్లేనని దీని అర్థం కాదు. ముందు శరీరానికి తిండి అందకపోతే మనసుకు చేసే ఏ వైద్యమూ నిలవదని అర్థం. ఇప్పటి చికిత్స అక్కడి నుంచే మొదలవుతుంది. వయసులో చిన్నవారికి కుటుంబాన్ని దూరం పెట్టకుండా, తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చి భోజనం బాధ్యత తాత్కాలికంగా వారికి అప్పగించే పద్ధతి 1980ల నుంచి లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది. ఎలెన్ విషయంలో జరిగింది దీనికి పూర్తి వ్యతిరేకం. భర్తను పక్కకు పంపి, ఆకలితో ఉన్న మనసును విశ్లేషించారు.

ముప్పు ఎంతో కూడా ఇప్పుడు అంకెల్లో తెలుసు. 2011లో ఆర్సెలస్ బృందం అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసింది. అదే వయసు వారితో పోలిస్తే అనొరెక్సియా ఉన్నవారిలో మరణాలు ఐదు రెట్లకు పైగా ఉన్నాయి. అలా చనిపోయిన ప్రతి ఐదుగురిలో ఒకరిది ఆత్మహత్య. తిండి లేక కృశించి చనిపోవడమే ఈ జబ్బులో ప్రమాదమని అనుకునేవారికి ఈ అంకె చెప్పేది వేరు. బరువును మాత్రమే చూస్తూ కూర్చుంటే సరిపోదు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అలా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని, ముప్పు పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి.

రాంచీకి, జంషెడ్‌పూర్‌కు ఎంత దూరం

ఎలెన్ కథ ఎక్కడో స్విట్జర్లాండ్‌లో, వందేళ్ల కింద జరిగింది. అయితే అదే కాలంలో మన దేశంలోనూ మానసిక వైద్యంలో కొత్త గాలి వీస్తోంది. ఇప్పటి జార్ఖండ్‌లోని రాంచీ దగ్గర కాంకేలో 1918లో యూరోపియన్ రోగుల కోసం ఒక ఆసుపత్రి మొదలైంది. 1919 నుంచి దాని బాధ్యతలు చూసిన ఓవెన్ బర్క్‌లీ హిల్, 1922లో కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ స్థాపించిన భారతీయ మనోవిశ్లేషణ సంఘంలో తొలి సభ్యుల్లో ఒకరు. ఆ ఆసుపత్రే ఇప్పటి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ.

అక్కడికి సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉక్కు నగరం జంషెడ్‌పూర్ ఉంది. సాక్చి అనే పాత పేరు పోయి, ఆ నగరానికి జంషెడ్‌జీ టాటా పేరు వచ్చింది 1919లో. ఉక్కు కర్మాగారంలో పనుల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా అక్కడే ఉన్నాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కూడా ఉంది. అలాంటి ఇంట్లో పెరిగే అమ్మాయి ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడుతుంది. తిండి అంటే భయం వేస్తోందని చెప్పాల్సి వస్తే ఏ భాషలో చెప్పాలి?

ఈ జబ్బుకు తెలుగులో వాడుక పేరు లేదు. తిండి సయించడం లేదంటాం. ఒళ్లు చేసిందంటాం, చిక్కిపోయిందంటాం, నాజూగ్గా ఉందంటాం. చివరి మాట మెచ్చుకోలు. అమ్మాయిలు కూడా లావవుతానన్న భయం గురించి ఎప్పుడూ చెప్పకపోవచ్చు. ఆకలి లేదని, కడుపులో బాగోలేదని, ఇవాళ ఉపవాసమని చెబుతారు. 1995లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఐదుగురు యువతుల గురించి రాసిన వ్యాసం ఇదే చూపించింది. పాశ్చాత్య పుస్తకాల్లో చెప్పినట్టు శరీరాకృతి గురించిన భయం వాళ్లలో అంతగా కనిపించలేదు. తిండి మాత్రం మానేశారు. పుస్తకంలో ఉన్న లక్షణం కనిపించలేదని జబ్బు లేదనుకుంటే, ఎలెన్ విషయంలో జరిగిన పొరపాటే మరో రూపంలో జరుగుతుంది.

ఆత్మహత్యల విషయంలో మన పరిస్థితి తేలికగా తీసుకునేది కాదు. 2016లో ప్రపంచంలో ఆత్మహత్య చేసుకున్న మహిళల్లో దాదాపు 37 శాతం భారతీయులేనని 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. అందులో ఈటింగ్ డిజార్డర్ల వాటా ఎంతో విడిగా లెక్కించే ఏర్పాటు మన రికార్డుల్లో లేదు. పోలీసు కాగితాల్లో కుటుంబ సమస్యలు, అనారోగ్యం, పరీక్షలో ఫెయిల్ అన్న కారణాలు ఉంటాయి. భోజనాల బల్ల దగ్గర ఏళ్ల తరబడి జరిగినదానికి అందులో గడి ఉండదు.

మారినవీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మేలో అమల్లోకి వచ్చాక, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించాలి, శిక్షించకూడదు. చికిత్స ఇప్పించే బాధ్యత ప్రభుత్వానిది. జంషెడ్‌పూర్‌లోనే బిష్టుపూర్ కేంద్రంగా జీవన్ అనే ఆత్మహత్యల నివారణ సంస్థ స్వచ్ఛందంగా పనిచేస్తోంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ తెలుగు సహా 20 భాషల్లో ఉంది.

ఆమెకు దొరకనిది

ఎలెన్ వెస్ట్ మంచి చదువు, డబ్బు, ప్రేమించే భర్త, ఐరోపాలో పేరు మోసిన డాక్టర్లు ఉన్న మనిషి. ఆమెకు దొరకనిది ఒక్కటే. ఇది జబ్బు, దీనికి వైద్యం ఉంది, చనిపోవాలనిపించడం కూడా ఈ జబ్బులో భాగమే, అది తగ్గేదాకా పక్కనే ఉంటాం అని నమ్మకంగా చెప్పే మనిషి. ఆనాటి వైద్యానికి ఆ మాట చెప్పే ధైర్యం లేకపోయింది. తర్వాత ఆ మరణానికి గొప్ప అర్థం ఇచ్చి, ఆ లోటును కప్పిపుచ్చింది.

ఈ రోజు అలాంటి అమ్మాయి హాస్టల్ మెస్సులో ప్లేటు ముందు కూర్చుని ఉండవచ్చు, ఇంట్లో వంటగది గుమ్మం దగ్గర నిలబడి తనకు ఆకలి లేదని చెబుతూ ఉండవచ్చు. ఈ జబ్బు నుంచి కోలుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఏళ్లు పట్టవచ్చు, మధ్యలో తిరగబెట్టవచ్చు, అయినా కోలుకుంటారు. సిసిలీలో స్నేహితురాళ్లు ఆటపట్టించిన రోజు నుంచి ఎలెన్ భర్తకు నిజం చెప్పిన రోజు వరకు పదేళ్లకు పైగా గడిచాయి. ఆ పదేళ్లలో ఎవరో ఒకరు పక్కన కూర్చుని, ఆమె చెప్పేది భయపడకుండా వినాల్సింది.

గమనిక: తిండి మానేయడం, చనిపోవాలన్న ఆలోచనలు రావడం వైద్యం చేయించుకోవాల్సిన సమస్యలు. మీకు గానీ, మీకు తెలిసినవారికి గానీ అలాంటి ఇబ్బంది ఉంటే టెలీ మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు ఉండదు. ప్రాణాపాయం ఉందనిపిస్తే ఆ వ్యక్తిని ఒంటరిగా వదలకుండా వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్లండి.